నంబరుతో సహా

ఈ సీలింగుకు చెమ్మ పట్టిందని ఇన్నేళ్లలో నాకు ఒక్కరూ చెప్పలేదు. ఇదే కుర్చీలో సగం సూర్యాపేట వెల్లకిలా పడుకుంది, చుట్టుపక్కల ఊళ్లు పడుకున్నాయి, అందరూ ఆ గోధుమరంగు మరకనే చూస్తూ నా సూదికి భయపడి ఉంటారు, ‘మేడం, మీ కప్పు కారుతున్నది’ అన్న పాపాన మాత్రం ఎవ్వరూ పోలేదు. అనడానికి నోరు ఖాళీగా ఉంటే కదా. అద్దమో, దూదో, ఉమ్మి లాగే పైపో, ఏదో ఒకటి నేనే పెట్టి ఉంచేదాన్ని, పెట్టి మళ్లీ పిల్లలెంతమంది, పొలం ఎంత అని అడిగేదాన్ని, వాళ్లు ఆఁ ఊఁ అనేవాళ్లు, నేను నా ఇష్టమొచ్చినట్టు అర్థం చేసుకునేదాన్ని. నవనీత డాక్టరమ్మ మంచిగ మాట్లాడతదని పేరు కూడా వచ్చింది. ఇవాళ మొదటిసారి నేను పడుకున్నాను. భోజనాల వేళ, షట్టరు సగం దించి ఉంది, ముందు గదిలో సుందరమ్మ టిఫిన్ గిన్నె కడుగుతున్న చప్పుడు. ఈ దవాఖాన తెరిచిన రోజు నుంచి నాతోనే ఉన్న మనిషి, చీటీలు రాసేది తనే, సామాను ఉడకబెట్టేది తనే, ‘నిలవడి ఏం జేస్తరు మేడం, జర పండుకోన్రి, ఆమె వస్తే లేపుత’ అని నన్ను ఇందులోకి తోసింది కూడా తనే. ఆమె అంటే లహరి, నా దవాఖాన కొనబోతున్న డాక్టరు. కోదాడ నుంచి వస్తున్నది. మునగాల దాటానని మెసేజ్ పెట్టింది. వస్తే సంతకాలు, ఆ తర్వాత ఈ కుర్చీ, ఈ లైటు, ఎక్స్‌రే మిషను, బయట బెంచీలు, చెమ్మతో సహా ఈ సీలింగు కిరాయి కాగితం, అన్నీ ఆమెవే. తెగనిది ఒక్కటే మిగిలింది, అది ఇప్పుడు నా కడుపు మీద, రెండు చేతుల కింద, ఫోనులో వెచ్చగా ఉంది.

ఫోను పోతే పోనీ, కొత్తది కొనుక్కోవచ్చు, సంగతంతా దాంట్లో ఉన్న నంబరుతోనే. నిన్న లహరి మెల్లగా అన్నది, తను ఏదైనా మెల్లగానే అంటుంది, ‘మేడం, నంబరు ఇవ్వకపోతే నేను సామాన్ల ధర వరకే ఇవ్వగలనండి, అంతకుమించి నా వల్ల కాదు, రేపు నేను వచ్చేదాకా ఆలోచించుకోండి’ అని. ఆలోచించడానికి ఇదిగో ఈ గంట మిగిలింది. ఇస్తే అమ్మకం. ఇవ్వకపోతే రేపు పొద్దున మళ్లీ ఈ కుర్చీ పక్కన స్టూలు మీద మెడ వంచుకుని కూర్చునేది నేనే. ఆ మెడలోనే డిస్కు జారింది. పట్టీ కట్టుకుని తిరుగుతున్నాను. కుడిచేతి చివరి రెండు వేళ్లు నావో కాదో నాకే తెలియదు, ఎప్పుడు తిమ్మిరెక్కుతాయో, ఎప్పుడు దిగుతుందో వాటి ఇష్టం. ఒకరోజు ఒక పెద్దాయన నోట్లో పని చేస్తుంటే పట్టకారు జారి ఆయన ఒళ్లో పడింది, ఆయన పంచె దులిపి, తీసి, భద్రంగా నా చేతికి ఇచ్చి, ‘గిది మీదే డాక్టరమ్మ’ అన్నాడు. సుందరమ్మ గోడ వైపు తిరిగి నవ్వింది. నేనూ నవ్వాను. బాత్రూములోకి వెళ్లి తలుపేసుకుని, అదే గొంతులోకి జారితే ఏమయ్యేదని మొహాన నీళ్లు కొట్టుకున్నాను. ఆ పూటే అమ్మేయాలని అనుకున్నాను.

అనుకున్న నాటి నుంచి నేర్చుకున్న విద్య నాకు ఏ కాలేజీలోనూ చెప్పలేదు. ఒకే కంపెనీ కుర్చీ, ఒకే మిషను, మిర్యాలగూడలో ఒక ధర, కోదాడలో ఒక ధర, సూర్యాపేటలో ఇంకొక ధర. మిర్యాలగూడ నుంచి మొగుడూ పెళ్లాలు ఇద్దరు డాక్టర్లు ముందు వచ్చారు. రైస్ మిల్లుల ఊరు, అక్కడ పన్ను ఊడితే ఇంప్లాంట్ పెట్టమంటారు, నా దగ్గర ఊడితే ‘ఇంకో పక్క ఉన్నయి గద’ అంటారు. నెలకు ఇంప్లాంట్లు ఎన్ని చేస్తారని అడిగారు, చెప్పాను, ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు, టీ తాగి వెళ్లారు. కోదాడ అయితే ఆంధ్ర హద్దు మీది ఊరు, అవతలి నుంచి జనం వస్తారు నిజమే, కానీ జబ్బు కాస్త ముదిరితే ఊరివాళ్లే ఖమ్మమో విజయవాడో బస్సెక్కుతారు. సూర్యాపేటలో మెడికల్ కాలేజీ వచ్చాక కిరాయిలు పెరిగాయి, బోర్డులు పెరిగాయి, మనుషుల నోళ్లలో పళ్లు మాత్రం ఎన్నుండేవో అన్నే ఉన్నాయి. హైదరాబాదు నుంచి ఏదో కంపెనీ పిల్లగాడు ల్యాప్‌టాప్ పట్టుకుని వచ్చి, నా ఏడాది ఆదాయాన్ని ఒక అంకెతో గుణించాడు. ఆ అంకె ఎక్కడి నుంచి తెచ్చావయ్యా అంటే ‘మీ ఊరు టియర్ త్రీ కదా మేడం’ అన్నాడు, బస్సులో వెనక సీటు చూపించినట్టు. అయినా అందరికంటే ఎక్కువ ధర అతనిదే. షరతు ఒక్కటే, ఇంకో మూడేళ్లు నేను ఇక్కడే పని చేయాలి. మెడ సంగతి చెప్పాను. ‘మీరు ఊరికే కూర్చున్నా చాలు మేడం, జనానికి మీ మొహం కనబడాలి’ అన్నాడు. దిష్టిబొమ్మను పెట్టుకో నాయనా అని నోటిదాకా వచ్చింది. లహరి వాళ్లకంటే తక్కువ ఇస్తానన్నది, కానీ మొత్తం తీసుకుంటానన్నది, సుందరమ్మను ఉంచుకుంటానన్నది, తెల్లారి నుంచి మీరు రావక్కర్లేదండి అన్నది. రావక్కర్లేదు అన్న మాట విన్నప్పుడు నా భుజాలు వాటంతట అవే కిందికి దిగాయి.

ఈ ధరలన్నీ చెబితే మా ఊరు మోతెలో నాయిన తిరుపతయ్య ఒక్కటే అడిగాడు, ‘నోట్లె వేలు పెట్టకుంటనే ధర జెప్పిండా వాడు?’ అని. నాయినకు గొర్ల మంద ఉంది, పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచీ అదే పని. గొర్రెను కొనేముందు దవడ పట్టుకుని, మూల నుంచి బొటనవేలు దూర్చి, పెదవి పైకెత్తి చూస్తాడు. పాలపండ్లయితే ఒక ధర, రెండు పండ్లు మారితే ఒక ధర, నాలుగు, ఆరు, నోరు నిండిందంటే మంచి ఈడు, అరిగి సందులు వచ్చాయంటే ఇక దాని గతి కోతకే. నాకు దంతాల సీటు వచ్చిందని తెలిసిన రోజు మంద ముందర నిలబడి పగలబడి నవ్వాడు, ‘మన ఇంటి విద్దెనే గద బిడ్డా, గొర్ల నోర్లకు బదులు మనుషుల నోర్లు’ అని. కాలేజీలో ఆ మాట ఎవరికీ చెప్పుకోలేదు కానీ మొదటి ఏడాది పళ్లను చూసి వయసు చెప్పే పాఠం వచ్చినప్పుడు అందరికంటే ముందు చెయ్యెత్తింది నేనే. నాయిన లెక్క ప్రకారం ఈ అమ్మకంలో ఇప్పటిదాకా ఎవ్వరూ నా నోట్లో వేలు పెట్టలేదు. పెడితే తెలిసిపోయేది, ఎడమ పక్క కింది దవడ చివరి పన్ను పగిలి ఎన్నాళ్లో అయింది. మక్క పేలాలు తింటుంటే పగిలింది. దంతాల డాక్టరుకు పన్ను నొప్పి అని ఎవరితో అంటాం, నవ్విపోతారు. నా చేయి నా నోట్లోకి వంగదు, మిర్యాలగూడ పోయి చూపించుకుందామంటే దవాఖాన మూయాలి, మూస్తే ఫోను మోగుతుంది. కుడిపక్క నములుతూ బతుకుతున్నాను.

పన్ను గుర్తొస్తే పన్ను గుర్తొస్తుంది, నోట్లోది కాదు, సర్కారుది. మా ఆడిటరు దానియేలు సారు చాలా ఓపిక గల మనిషి, పాస్టరు కొడుకు, ఆదాయపు పన్నును కూడా వాక్యం చెప్పినట్టే చెబుతాడు. ‘మేడం, సామాను విడివిడిగ అమ్మకున్రి. ఏండ్ల నుంచి దాని మీద తరుగుదల రాసుకుంట వస్తున్నం, పుస్తకాలల్ల మీ కుర్చీకి ఇప్పుడు ఇలువ లేనట్టే. ఎంత వచ్చినా లాభం కిందికే వస్తది, మీ ఆదాయంల కలుస్తది, పెద్ద శ్లాబుల పడుతది. అదే నడుస్తున్న దవాఖానను గుత్తగా అమ్మున్రి, పన్నెండున్నర శాతం కట్టి చేతులు కడుక్కోవచ్చు.’ గుత్తగా అంటే నాకు వెంటనే అర్థమైంది, మామిడితోట గుత్తకిస్తారు, చెరువు గుత్తకిస్తారు. సరే సారూ అన్నాను, అన్నీ చదివి వినిపించాను, కుర్చీ నుంచి చీపురు దాకా. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకుని, ‘మరి నంబరో?’ అన్నాడు. నంబరు నాది కద సారూ అన్నాను. నిజంగానే అన్నాను, నాకు అది అమ్మే వస్తువని తోచనే లేదు. ఆయన కాసేపు నన్ను చూసి, ‘బర్రెను అమ్మి పాలు నాయే అంటున్నరు మేడం’ అన్నాడు. సామాను ధరకు పైన ఇచ్చే డబ్బంతా గుడ్‌విల్‌కట, గుడ్‌విల్ అంటే జనం తోవ మరవకుండా రావడమట, మన ఊళ్లలో జనం బోర్డు చదివి రారు, ఫోన్ చేసి ‘ఉన్నరా అమ్మ’ అని అడిగి వస్తారు, ఆ నంబరు లేని దవాఖానను నడుస్తున్న దవాఖాన అని ఏ మొహంతో రాయాలి అన్నాడు. అదే నంబరు హైదరాబాదులో అయితే చిల్లర కింద పోతుందట, ఇక్కడ సగం ధర దానిదేనట. ఆ సాయంత్రం ఇంటికి పోయి అన్నం తినలేదు.

నాకు తోచకపోవడానికి కారణం ఉంది, మా ఇంట్లో పశువును అమ్మితే పలుపు ఇవ్వరు. ఎద్దునైనా, బర్రెనైనా, అంగడిలో బేరం తెగాక నాయిన మెడకున్న పలుపు విప్పి భుజాన వేసుకునేవాడు, కొన్నవాడు తన పలుపు తను తెచ్చుకోవాలి. పలుపు పోతే కొట్టంలో లక్ష్మి దాని వెంట పోతుందంటాడు. మొన్న కూడా ఫోన్ చేసి, ‘అమ్ముతే అమ్మినవ్ గని పలుపు ఇయ్యకు బిడ్డా’ అన్నాడు, దవాఖానకు పలుపేముంది నాయినా అని నేను నవ్వాను. ఉంది. ఆ నంబరు బస్టాండు దగ్గర డబ్బా కొట్టులో తీసుకున్న నా మొదటి సిమ్ముది, దాన్నే మా తమ్ముడు శ్రీను నీలం రంగు డబ్బా పట్టుకుని పాలకీడు తోవలో, దామరచర్ల కరెంటు ప్లాంటు కూలీల క్యాంపు గోడ మీద, మోతెలో మా ఇంటి ప్రహరీ మీద, ఎక్కడ సున్నం కనబడితే అక్కడ రాశాడు. పళ్లు చాలా అందంగా గీశాడు, అవి గొర్రె పళ్లని నాకొక్కదానికే తెలుసు. నాయినకు అక్షరం ముక్క రాదు, ఆ నంబరు మాత్రం వేలికి వచ్చు, మూడో వరుస చివరిది, నడిమిది రెండుసార్లు, పై మూలది, అట్లా బటన్ల జాగాలు నేర్చుకున్నాడు. ఇంకే నంబరూ రాదు. దాన్ని ఇచ్చేస్తే నాయిన వేలు వేరేవాళ్ల ఇంటి తలుపు కొడుతుంది. దాన్ని ఇచ్చేస్తే నేనెవరిని, అది ఇంకా భయం. ఎవరూ పిలవని డాక్టరమ్మ, పొద్దున లేచి ఏం చేస్తుంది.

అయితే ఆ ఫోనులో వచ్చినవి కూడా గుర్తు చేసుకోవాలి కదా, మంచివే ఏరుకుంటే ఎట్లా. పన్ను నొప్పికి వచ్చేవి సగం. కుక్క కరిచిందని, పిల్లకు జ్వరమని, ‘మా బర్రె మేత ముడుతలేదు, మీ నాయినను జర అడుగున్రి’ అని మిగతా సగం. శ్రీను పెళ్లిలో తలంబ్రాల వేళ ఒకాయన ఫోన్ చేసి మందు పుక్కిలించాలా, మింగాలా అని అడిగాడు. మా అమ్మ ఉప్పలమ్మ పోయిన రోజు, ఆమెను ఇంకా వాకిట్లోనే పడుకోబెట్టి ఉన్నాం, ఫోన్ మోగింది, ఎత్తాను, దవడ వాచిందమ్మా అన్నాడు ఒకాయన, ఏ మాత్ర ఎప్పుడు వేసుకోవాలో చెప్పాను, చెప్పి మళ్లీ వచ్చి ఏడ్చాను. ఆయన తప్పు లేదు, ఆయనకేం తెలుసు. అప్పుడు ఎవరైనా నా చేతిలోంచి ఫోను లాక్కుంటే బాగుండునని అనుకున్నాను, ఇప్పుడు ఒకావిడ డబ్బులిచ్చి లాక్కుంటానంటే ఇవ్వనంటున్నాను. నా తిక్కకు నాకే నవ్వొస్తున్నది. నవ్వితే పన్ను సలిపింది. నాయిన కొట్టంలో మూల కొయ్యకు పలుపులు వేలాడుతుంటాయి, ఎప్పుడో అమ్మేసిన పశువులవి, ఒక గుత్తి. ఎండి కట్టెలైపోయాయి, రెండు మూడింటిని ఎలుకలు కొరికాయి. చిన్నప్పటి నుంచి చూస్తున్నాను, వాటితో నాయిన చేసింది ఏమీ లేదు, కొత్త దూడ వస్తే కొత్త పలుపే కొంటాడు. సిమ్ముకార్డును నేనూ అట్లాగే కొయ్యకు తగిలించుకుంటానా. చేయి పైకి పోయి మెడ పట్టీని తడిమింది. పలుపు ఎవరి మెడకు ఉందో ఇన్నాళ్లూ చూసుకోలేదు. లక్ష్మి కొట్టంలోనే ఉండిపోయిందేమో, పశువు మాత్రం పలుపు విప్పించుకుని పోయింది.

షట్టరు కింద నుంచి వంగి వచ్చిన చప్పుడు, చెప్పులు విడిచిన చప్పుడు. సుందరమ్మ లేపేలోపే లహరి వచ్చి నా పక్కన నిలబడింది. నేను లేవబోతే భుజం మీద చెయ్యేసి ఆపింది.

“లేవకండి మేడం. ఎన్నాళ్ల నుంచి ఆ పన్ను?”

“నీకెవరు చెప్పారు?”

“మొన్న బిస్కెట్టు కుడిపక్కే తిన్నారు కదండీ. చూస్తానుండండి.”

“కాగితాలు?”

“కాగితాలకు నొప్పి లేదు కదండీ” అని చేతులు కడుక్కోవడానికి పోయింది. సుందరమ్మ పైపు పట్టుకుని తయారుగా నిలబడింది. “ఇన్నొద్దులకు దొరికిన్రు మేడం” అన్నది, ఆ సంతోషం దాచుకోవడానికి కూడా ప్రయత్నించలేదు.

లైటు వెలిగింది, మరక మాయమైంది. పెదవి మూల నుంచి బొటనవేలు వచ్చింది, తొందర లేదు, చెంపను కాస్త పక్కకు జరిపి ఆగింది, నేను సర్దుకునేదాకా ఆగింది. సూది ఎప్పుడు దిగిందో తెలియలేదు. నా చేతి బరువు ఎంతో నాకెప్పుడూ తెలియదు, ఎంత బరువుండేదో, ఎంతమంది ఓర్చుకున్నారో, ఈమె చేయి మాత్రం తెలుస్తున్నది, తేలికైన చేయి. నా దగ్గరికి వచ్చే ముసలివాళ్లు, పిల్లలు, క్యాంపు కూలీలు, అందరి తరఫునా నేను పడుకుని చూస్తున్నాను, ఈ చేయి సరిపోతుంది, నాకంటే మేలేమో కూడా, ఆ మాట అనుకుంటే ఈర్ష్య రావాలి, నిద్ర వస్తున్నది. నాలుక సగం మొద్దుబారింది, దవడ వదులైంది, ఎన్నో ఏళ్ల తర్వాత నా మెడ కింద ఒక దిండు ఉంది. అప్పుడు కడుపు మీద ఫోను మోగింది. నాయిన. సుందరమ్మ నన్ను చూసింది, లహరి చేయి ఆపింది. నా నోరు నిండా దూది. నేను ఫోను తీసి లహరి వైపు చాపాను.

ఆమె వెంటనే అందుకోలేదు. నా కళ్లలోకి చూసింది. నేను ఇంకొంచెం ముందుకు చాపాను. గ్లౌజు విప్పి, తీసుకుని, స్పీకరు పెట్టింది.

“దంతాల దవాఖానండి, చెప్పండి.”

“ఎవలు? నా బిడ్డ ఏది?” వెనక గొర్ల అరుపులు వినిపిస్తున్నాయి.

“కుర్చీలో ఉన్నారండి, నోరు తెరిచి. పన్ను చూస్తున్నాను.”

“నువ్వేనా బిడ్డా దవాఖాన కొనేది?”

“అవునండి, నేనే.”

“నోట్లె వేలు పెట్టి సూసినవా?”

“చూశానండి. ఒక్కటే పగిలి పుచ్చింది, మిగతావన్నీ గట్టివే.”

“గట్లనా. అయితే మంచి బేరగత్తెవే” అన్నాడు నాయిన, గొంతులో నవ్వు దాచుకుంటూ. “మరి పలుపు? పలుపు ఇయ్యకని చెప్పిన, ఇచ్చిందా?”

లహరికి అర్థం కాలేదు. నేను దూది తీసి పక్కన పెట్టాను. మాట సగం పెదవిలోంచే వచ్చింది, ముద్ద ముద్దగా.

“ఇచ్చిన నాయినా. గీ నంబరు ఇగ ఆమెదే. పలుపు నా మెడకే ఉండె, నేనే ఇప్పిన.”

కాసేపు గొర్లే మాట్లాడాయి. “మరి నాకు ఇదొక్కటే వస్తది గదనె” అన్నాడు చివరికి, “నీకు ఎట్ల ఫోన్ జెయ్యాలె?”

“కొత్తది నేర్పుత. రేపు పొద్దుగాల్నే వస్త.”

“రేపా? రేపు దవాఖాన లేదా?”

“దవాఖాన తెరిసే ఉంటది నాయినా. నేను ఉండ.”

అన్నాక ఆ మాట నా చెవుల్లోనే కాసేపు ఉంది. కళ్లలోంచి రెండు పక్కలకూ నీళ్లు జారి చెవుల్లోకి పోతున్నాయి, పడుకుని ఏడిస్తే అట్లా పోతాయని ఈ కుర్చీలో ఎందరినో చూశాను. ఎవరికైనా అది నొప్పికే అనుకునేదాన్ని. సుందరమ్మ దూదితోనే తుడిచింది.

“సరే రా” అన్నాడు నాయిన. “వస్తే వచ్చినవ్ గని, ముందుగాల ఆ పన్ను మంచిగ జేపిచ్చుకొని రా. ఇగో అమ్మా, జర పైలంగ సూడు.”

“చూస్తానండి” అని లహరి ఫోను పక్కన బల్ల మీద, తన బ్యాగు దగ్గర, పెట్టుకుంది. కొత్త గ్లౌజు తొడుక్కుంది. నేను నోరు తెరిచాను.